అరువు కాళ్లు

ఇండియన్ సూపర్ లీగు ఫుట్‌బాలు పోటీలయందు 2014లో జట్టున కార్గురు విదేశీయులవరకు ఏకకాలమున మైదానమున నుండవచ్చెను. ఆ మితి 2017లో ఐదుగురకు, 2021లో నలుగురకు దిగినది. ఇది తగ్గినకొలది ఆట చప్పబడునని వాదించువారు కలరు. జట్ల యజమానులారా! గోలు కొట్టు స్థానము నెవరి కప్పగించితిరి? 2025 వరకు ఆ పోటీలలో అత్యధికముగా గోలులు కొట్టినవానికిచ్చు బహుమాన మొక్కయేడైనను భారతీయునికి దక్కలేదు. ఫలితము చూడుడు. 2024లో దేశపు జట్టునుండి సెలవు గైకొన్న సునీల్ ఛెత్రీ, నలువదేండ్లు నిండినపిదప, 2025లో మరల బూట్లు తొడుగవలసివచ్చెను! నూటనలుబదికోట్ల జనులలో ఆ స్థానమునకు వేరొకడు సిద్ధముగా లేడయ్యె. ఎట్లుండును? ఆడనిచ్చినగదా నేర్చుట! విదేశీయులయెడ మాకు ద్వేషము లేదు. ఇరువురు వత్తురుగాక, రక్షణపంక్తిలో నిలుతురుగాక. ముందువరుసను మాత్రము మన కుఱ్ఱవానికి విడువుడు.