నా చేగోడీల కవరుకేనా రూలు?

మొన్న మా టీమ్‌మేట్ ఒకడు అండమాన్ వెళ్ళొచ్చి లంచ్ టైములో ఒకటే గోల. "జాలీబాయ్ దీవికి వెళ్ళాలంటే ఫారెస్టు వాళ్ళ పర్మిట్ కావాలట బాస్! బ్యాగులన్నీ తెరిపించారు, చిప్స్ ప్యాకెట్ కూడా పట్టుకెళ్ళనివ్వలేదు. ఇది లైసెన్స్ రాజ్ కాక ఇంకేంటి?" అని. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపేశారు. నాకు ఒళ్ళు మండింది.

బాబూ, మనం రోజూ చేసేదేంటి? ప్రొడక్షన్‌లో ఒక్క లైను మార్చాలంటే టికెట్ వెయ్యాలి, ఇద్దరు అప్రూవ్ చెయ్యాలి, అర్ధరాత్రి దాకా కూచోవాలి. దాన్ని "ప్రాసెస్" అని గొప్పగా చెప్పుకుంటాం. పైగా అక్కడ ఏదన్నా పాడైతే బ్యాకప్ ఉంటుంది. పగడాల దిబ్బకి బ్యాకప్ ఎక్కడుంది? బండలా పెరిగే పగడాలు చాలావరకు ఏడాదికి ఓ సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఫొటో కోసం మనవాడు దానిమీద ఒక్క క్షణం నిలబడితే చాలు, వాడి వయసంత పెరుగుదల విరిగిపోవచ్చు.

వండూరులోని మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు 1983లో ఏర్పడింది. 281 చదరపు కిలోమీటర్ల పైనే, 15 దీవులు. టూరిస్టులు వెళ్ళేది ముఖ్యంగా రెండింటికి, జాలీబాయ్, రెడ్‌స్కిన్. అవి కూడా సీజన్ని బట్టి ఒకటి తెరిస్తే ఇంకోటి మూస్తారు, పగడాలు కాస్త తేరుకోవాలని. నేనూ ఆ లైన్లో నిలబడ్డవాణ్ణే. మా అమ్మ కట్టిచ్చిన చేగోడీల కవరు జెట్టీ దగ్గరే వదిలేశాను. ప్రాణం ఉసూరుమంది, నిజమే. కానీ ఆ రూలు సబబైనదే.

1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ చూడండి. పర్మిట్ ఎందుకెందుకు ఇవ్వచ్చో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు: పరిశీలన, ఫొటోగ్రఫీ, పరిశోధన, టూరిజం, లోపల ఉండేవాళ్ళతో చట్టబద్ధమైన లావాదేవీ. అంతే.

నా కోపం పర్మిట్ మీద కాదు, అది ఎవరికి వర్తించదో దానిమీద.

అదే అండమాన్ నికోబార్‌లో దక్షిణం కొసన గ్రేట్ నికోబార్ ఉంది. అక్కడ గలాథియా తీరం, భారీ లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. 1997లో అభయారణ్యం చేశారు. ఓడరేవు కావాల్సొచ్చింది. 2021 జనవరిలో ఆ అభయారణ్యాన్నే రద్దు చేసేశారు! ఓడరేవుకి పర్మిట్ ఇవ్వలేదండోయ్, అభయారణ్యం పర్మిటే అక్కర్లేకుండా చేశారు. మన భాషలో చెప్పాలంటే, యాక్సెస్ ఇవ్వడం కుదరకపోతే టేబులే డ్రాప్ చేశారు. పర్యావరణ అనుమతి 2022 నవంబరులో వచ్చేసింది.

మలక్కా జలసంధి పక్కనే ఉంది, దేశరక్షణకి అవసరం అంటారు. కావచ్చు. అయితే ఆ వాదన అభయారణ్యాన్ని ఉంచే, చట్టం ముందు నిలబడి గెలవాలి. బదులుగా లిటిల్ నికోబార్‌లో తాబేళ్ళకి కొత్త అభయారణ్యం ఇచ్చాం అంటారు. తాబేలు గెజిట్ చదువుతుందా?

ఇదంతా చెప్తే మావాడు "నువ్వు మరీ సీరియస్ బాస్" అని ఫోన్ తీసి ట్రిప్ ఫొటోలు చూపించాడు. జాలీబాయ్ ఒడ్డున ఒక్క చిప్స్ కవరు కూడా కనపళ్ళేదు. అదెవరి పుణ్యమో వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు లెండి :)