ముసుగు ఒక్కటే కాదు, ముఖం కూడా గీయమనండి



మీ ఇంట్లో తొమ్మిదో పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల రఫ్ నోట్సు చివరి పేజీలు ఒకసారి తిప్పి చూడండి. టోపీ, పొడవాటి కోటు, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డ మీద నల్లటి సిరా మరకలు ఉన్న మనిషి కనిపిస్తే, అతని పేరు రోర్షాక్. ఈమధ్య పేరెంట్స్ మీటింగుల్లో ఇతని గురించి నన్ను తరచుగా అడుగుతున్నారు. "మాస్టారూ, ఈ దయ్యం బొమ్మలు మానిపించండి" అనేవారు కొందరు. "మా అమ్మాయి భలే వేసింది, ఫ్రేము కట్టించాం" అనేవారు కొందరు. ఆర్ట్ టీచరుగా నేను ఈ రెండు వైపులా లేను.

అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన 'వాచ్‌మెన్' అనే కామిక్ లోని పాత్ర ఇది. 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. ముసుగు వేసుకుని నేరస్థులను తానే శిక్షించే మనిషి రోర్షాక్. ఆ ముసుగు మీద నలుపు, తెలుపు కదులుతూనే ఉంటాయి కానీ ఎప్పుడూ కలిసిపోవు. బూడిద రంగు రాదు. అతని బుద్ధీ అంతే. తప్పంటే తప్పే, రాజీ లేదు.

గీయడానికి ఇంత సులువైన బొమ్మ మరొకటి లేదు. ఎల్‌కేజీలో కాగితం మీద రంగు చుక్కలు వేసి, మడిచి, విప్పితే సీతాకోకచిలుక వచ్చేది గుర్తుందా? అదే పద్ధతి. ఎవరి మరక వారిదే, అందుకే ఏ ఇద్దరి రోర్షాకూ ఒకలా ఉండడు.

పిల్లలకు నచ్చేది మరక మాత్రమే కాదు. పద్నాలుగేళ్ల వయసులో అన్యాయం చాలా పెద్దగా కనిపిస్తుంది. పక్కవాడు స్లిప్ టెస్టులో కాపీ కొట్టి ర్యాంకు తెచ్చుకుంటాడు, పెద్దవాళ్లు "పోనీలే" అంటారు. 'పోనీలే' అనని మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడంటే వాళ్లకు ధైర్యం. మనమేం తక్కువ తిన్నామా? 2005లో 'అపరిచితుడు' చూసి థియేటర్లో ఈలలు వేసింది మనమే కదా!

అయితే మూర్ ఇతణ్ని ఆదర్శంగా రాయలేదు. అలాంటి మనిషి నిజంగా ఉంటే ఎంత ఒంటరిగా, ఎంత ప్రమాదకరంగా బతుకుతాడో చూపించడానికి రాశాడు. రోర్షాక్ కోపం ఎక్కడ మొదలైందో చూడండి. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్య జరిగింది. ముప్పై ఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలో వచ్చింది. అది నిజంగా జరిగిన హత్య, కథలో రోర్షాక్ ఆ వార్త చదివే ముసుగు తొడుక్కుంటాడు. సాక్షుల సంఖ్యనూ, వాళ్లు చూసినదాన్నీ బాగా పెంచి రాశామని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. ఎవరో పెంచి రాసిన వార్తను నమ్మి మనుషులందరి మీదా తీర్పు చెప్పేసిన మనిషి అన్నమాట. వాట్సాప్ కాలంలో ఈ ఒక్క సంగతి చాలు, మీ పిల్లలతో భోజనాల దగ్గర అరగంట మాట్లాడటానికి.

ఇంకొకటి. ఆ పుస్తకం పెద్దల కోసం రాసింది. అందులో హింస, అత్యాచార సన్నివేశం ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది పుస్తకం చదవలేదు, ఫోన్లో బొమ్మ చూసి గీస్తున్నారు. ముందు మీరు చదవండి, ఆ తర్వాత ఏ వయసులో ఇవ్వాలో మీరే నిర్ణయించండి. ఎనిమిదో తరగతికి నేనైతే ఇవ్వను.

పుస్తకం చదవకుండా బొమ్మ వేసేవాళ్లకు తెలియని విషయం ఒకటుంది. రోర్షాక్ అసలు ముఖం మొదటి పేజీలోనే కనిపిస్తుంది. లోకం అంతమైపోతోందని రాసిన బోర్డు పట్టుకుని వీధిలో తిరిగే ఎర్రజుట్టు మనిషి అతనే. అతణ్ని ఎవరూ పట్టించుకోరు, పాఠకులు కూడా. ఐదో సంచిక చివర పోలీసులు ముసుగు లాగేదాకా మనకు తెలియదు. తల్లి చేతిలో దెబ్బలు తిని పెరిగిన పిల్లవాడు అతను. చివర్లో, లక్షలమందిని చంపిన ఒక అబద్ధాన్ని మిగతావాళ్లంతా దాచడానికి ఒప్పుకున్నాక, అతనొక్కడే ఒప్పుకోడు. చావు ఖాయమని తెలిసి తన చేత్తోనే ముసుగు తీసేస్తాడు. ఆ ముఖం మీద కన్నీళ్లుంటాయి. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో గీయడానికి కష్టమైన బొమ్మ అదే.

కాబట్టి చింపకండి, ఫ్రేమూ కట్టించకండి. "ముసుగు కింద ఎవరున్నారు? ఆ ముఖం వేసి చూపించు" అని అడగండి. ఆర్ట్ రూమ్ గోడ మీద రోర్షాక్ బొమ్మలకు ఒక వరుస ఖాళీగా ఉంచాను. షరతు ఒక్కటే. ముసుగు బొమ్మ పక్కన ముసుగు లేని బొమ్మ కూడా ఉండాలి. ఇప్పటికి మొదటిరకం పంతొమ్మిది వచ్చాయి, జతగా వచ్చినవి మూడు. వచ్చే మీటింగుకు వచ్చినప్పుడు ఒకసారి పై అంతస్తుకు రండి, ఆ మూడూ చూద్దురు గాని.