కారు పొగకు పట్నం కొలమానం

మాలూరు తాలూకా మాస్తి పేరు చెబితే కన్నడిగులకు కథలు గుర్తుకొస్తాయి. 'కన్నడద ఆస్తి' అనిపించుకున్న జ్ఞానపీఠ గ్రహీత మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఊరది. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, కచేరీలో ఒక భాష నడిచే ఆ హోబళిలో రైతుకైనా, కూలికైనా, కాలేజీ పిల్లలకైనా తెల్లారితే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. మాలూరుకో, కోలారుకో, బెంగళూరుకో పోయి రావడం ఎట్లా? కార్ల పొగ తగ్గిస్తామంటూ ఢిల్లీలో సర్కారు రాసిన విధానంలో ఈ ప్రశ్నకు జవాబు ఉందా అని వెతికితే నిరాశే మిగులుతుంది.

విధానం లేదని కాదు. కార్ల కంపెనీలకు ఇంధన సగటు నిబంధనలను కేంద్రం 2015లో ప్రకటించింది. వాటినే క్లుప్తంగా 'కేఫ్' నిబంధనలంటున్నారు. 2017-18 నుంచి ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడు దాటకూడదన్నారు. 2022-23 నుంచి దాన్ని 113 గ్రాములకు దించారు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. అంటే మామూలు మాటల్లో లీటరుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మైలేజీ ఇవ్వాలన్నమాట. తప్పితే జరిమానా వేసేందుకు 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. వంద కిలోమీటర్లకు 0.2 లీటర్ల వరకు తేడా వస్తే కారుకు రూ.25 వేలు, అంతకు మించితే రూ.50 వేలు. కాగితం మీద కోరలున్న చట్టమే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పెట్రోలు బంకు పక్కన చేయించే పొగ పరీక్ష వేరు, ఈ లెక్క వేరు. ఆ పరీక్షలో చూసేది పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు, డీజిలు బండికి నల్లపొగ. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 కూడా ఊపిరితిత్తులను పాడుచేసే విషవాయువులను అరికట్టడానికే. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడుకు వాటిలో హద్దు లేదు. పొగ సర్టిఫికెట్ జేబులో ఉన్నంత మాత్రాన వాతావరణానికి మేలు చేసినట్టు కాదు.

సగటు అనే మాటలోనే కిటుకుంది. బరువైన కార్లు అమ్మే కంపెనీకి హద్దు కాస్త సడలుతుంది, తేలిక కార్లు అమ్మేవారికి బిగుస్తుంది. ఒక్కో ఎలక్ట్రిక్ కారును మూడుగా లెక్కించుకునే వెసులుబాటు కూడా ఇచ్చారు. కొత్త సాంకేతికతకు ఊతమివ్వడం మంచిదే. కానీ నాలుగు కరెంటు కార్లు చూపించి, దాని చాటున పెద్ద పెద్ద ఎస్‌యూవీలు అమ్ముకునే దారి కూడా అదే. దేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న కార్లలో సగానికి పైగా ఆ తరగతివే. గ్రాములు తగ్గాయని లెక్కల్లో రాసుకుంటుంటే రోడ్డు మీద బండ్ల బరువు పెరుగుతూ పోయింది.

2027 ఏప్రిల్ నుంచి అమలుచేయాలనుకున్న మూడో విడత నిబంధనలకు 2025 సెప్టెంబరులో ముసాయిదా వచ్చింది. 909 కిలోలకు మించని చిన్న కార్లకు మరో మూడు గ్రాముల రాయితీ ఇస్తామని అందులో ప్రతిపాదించారు. దాంతో కంపెనీలు రెండుగా చీలాయి. చిన్న కార్లు ఎక్కువగా అమ్మేవారు కావాలన్నారు, మిగతావారు కూడదన్నారు. ఎవరి అంగడి వారిది. ఆ పంచాయితీలో కారే లేనివాడి తరఫున మాట్లాడిన వాళ్ళు మాత్రం కనబడలేదు.

కరెంటు కారు మనకు కొత్త కాదు. 2001లోనే బెంగళూరు నుంచి 'రేవా' రోడ్డెక్కింది. దేశంలో అందరికంటే ముందు, 2017లోనే, ఎలక్ట్రిక్ వాహన విధానం తెచ్చింది కర్ణాటక. 2019 ఆగస్టులో ఈ వాహనాల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. రాష్ట్రం 2016లో రోడ్డు పన్ను మాఫీ చేసి, 2024లో రూ.25 లక్షలు దాటిన కరెంటు కార్ల మీద మాత్రం 10 శాతం వేసింది. ఈ రాయితీల ఫలం ఎవరింటికి చేరింది? ఛార్జింగ్ కేంద్రాల సంఖ్యలో రాష్ట్రం దేశంలోనే ముందుందని 2024లో గొప్పగా చెప్పుకున్నారు. వాటిలో అధికభాగం బెంగళూరులోనే ఉన్నాయి.

ప్లగ్గులో పెట్టే కరెంటు ఎక్కడిదన్నదీ చూడాలి. దేశం మొత్తం మీద సగటున ఒక యూనిట్ తయారీకి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతోంది. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు తిరిగే కారు వాటా కిలోమీటరుకు వంద గ్రాములన్నమాట. పెట్రోలు కారుకు పెట్టిన హద్దు 113. తేడా కొంతే. బొగ్గు తగ్గి సోలారు, గాలి కరెంటు పెరిగే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కున్న రాష్ట్రం మనది. పగటిపూట ఛార్జింగుకు ధర తగ్గించి జనాన్ని అటు మళ్ళిస్తే కరెంటు బండికి అసలైన అర్థం వస్తుంది.

మరి పల్లెకు వచ్చేదేమిటి? పట్నంలో కొత్త కారు కొన్నవాడు పాతది అమ్ముతాడు. అది చేతులు మారి మారి చివరకు తాలూకా, హోబళి కేంద్రాల్లో బాడుగ బండిగా తిరుగుతుంది. కేఫ్ నిబంధనలు వర్తించేది కొత్త కార్లకే. పాత కారు మీద పడేది మాత్రం రుసుము. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ 2022 ఏప్రిల్ నుంచి రూ.600 కాస్తా రూ.5,000 అయింది. ఫ్యాక్టరీలో కంపెనీకి సడలింపు, ఊళ్ళో డ్రైవరుకు వడ్డింపు. ఇదెక్కడి న్యాయం?

అసలు పరిష్కారం కళ్ళెదుటే ఉంది. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లిచ్చే డీజిలు బస్సునే తీసుకుందాం. కిలోమీటరుకు సుమారు 590 గ్రాములు వదులుతుంది. యాభై మంది ఎక్కితే తలకు 12 గ్రాములు. అదే 113 గ్రాముల కారులో ఒక్కడే పోతే ఆ మొత్తం అతనొక్కడిదే. నలుగురు కూర్చున్నా తలకు 28. డొక్కు బస్సు ముందు సరికొత్త కారు కూడా ఓడిపోతుందని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

అయినా బస్సుల పంపకంలోనూ పల్లెది వెనక వరుసే. 2023లో కేంద్రం తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ ప్రధానంగా మూడు లక్షల జనాభా దాటిన నగరాలకు. 2011 లెక్కల్లో కోలారు నగర జనాభా లక్షన్నర లోపే. 2024లో రూ.10,900 కోట్లతో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో దాదాపు 4,500 బస్సులు బెంగళూరుకు కేటాయించారు. నగరానికి ఇవ్వొద్దని ఎవరూ అనరు. కానీ ఆ నగరం పొగలో మన జిల్లా వాటా ఉంది. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాక వేలమంది తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు పోయి బతుకుతున్నారు. మాలూరు, నరసాపుర పారిశ్రామికవాడలకు ఎటునుంచి ఎటో కార్మికులు తిరుగుతున్నారు. 2023 జూన్‌లో 'శక్తి' పథకంతో ఆడవాళ్ళకు టికెట్ లేని ప్రయాణం దక్కింది. టికెట్ ఉచితమైనా బస్సే రాని ఊరికి అది ఒరగబెట్టేదేముంది?

2024 డిసెంబరులో హొస్కోటె నుంచి బేతమంగళ వరకు 71 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ హైవే మీద బండ్లు పరుగందుకున్నాయి. మాలూరు తాలూకా పొలాల మీదుగా పోయే ఆ రోడ్డు కార్ల వేగాన్ని పెంచింది. వేగం పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది. దాని పక్కనున్న పల్లెలకు బస్సులు పెంచాలన్న ఆలోచన కూడా అప్పుడే రావలసింది.

పాలకులు చేయాల్సిన పనులు కష్టమైనవేం కావు. బరువుకు తగ్గట్టు హద్దు సడలించే పద్ధతిని బిగించాలి. కంపెనీల దగ్గర వసూలయ్యే జరిమానాలో కొంత తాలూకా బస్సులకు మళ్ళించాలి. జనాభా గీత గీసి చిన్న ఊళ్ళను ఈ-బస్సులకు దూరం చేయకుండా జిల్లాను ఒక లెక్కగా తీసుకోవాలి. మాస్తి, టేకల్, లక్కూరు లాంటి హోబళి కేంద్రాల బస్టాండుల్లో బెస్కాం ఛార్జింగ్ సదుపాయం పెట్టాలి. మన ఎమ్మెల్యేలు, ఎంపీ ఈ మాట బెంగళూరులో, ఢిల్లీలో గట్టిగా అడగాలి.

1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలాగి కేజీఎఫ్‌కు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాల కంటే మూడేళ్ళ ముందు! బంగారం కోసం అంత దూరం తీగ లాగినవాళ్ళున్న జిల్లాలో, జనం కోసం నాలుగు కరెంటు బస్సులు నడపలేమంటే ఎవరు నమ్ముతారు?