సైన్సు కబుర్లు: ముసురు రోజున పిల్లి వాసన

పిల్లలూ! మీ ఇంట్లో పిల్లి ఉన్నదా? కోనసీమలోనో, భీమవరం వైపునో, రాజమండ్రిలోనో ఉండేవారికి నేను చెప్పబోయే సంగతి అనుభవమే అయి ఉంటుంది. ఎండాకాలమంతా ఇంట్లో పిల్లి ఉన్నట్టే తెలియదు. శ్రావణమాసం వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే, మంచం కిందనుంచీ బియ్యం బస్తాల వెనకనుంచీ ఒకటే వాసన! అమ్మ సాంబ్రాణి వేస్తుంది. ఒక అరగంట సాంబ్రాణి వాసన, ఆ తరవాత మళ్ళీ పిల్లి వాసన. చివరకు నాన్నగారికి విసుగెత్తి, "దీన్ని గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి రండిరా!" అంటారు.

పిల్లిని సంచిలో వేసే ముందు, అసలు ఆ వాసన ఎలా పుడుతున్నదో చూద్దాం.

పిల్లి మూత్రంలో యూరియా ఉంటుంది. యూరియాకు దాదాపు వాసన లేదు. కాని నేలమీద, గుడ్డలమీద ఉండే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా వాయువుగా మారుస్తాయి. పశువుల కొట్టంలో తెల్లవారుజామున ముక్కు మండుతుందే, అది ఈ అమ్మోనియాయే. పిల్లిలో ఇంకొక విశేషం కూడా ఉన్నది. ఫెలినైన్ అనే పదార్థం దాని మూత్రంలో ఉంటుంది. అది మెల్లమెల్లగా విరిగి గంధకం కలిసిన ఘాటు వాసనలు పుట్టిస్తుంది. ఈ ఫెలినైన్ తయారు కావటానికి పిల్లి మూత్రంలోనే ఉండే ఒక ప్రొటీను తోడ్పడుతుందని 2006లో జపాను శాస్త్రజ్ఞులు చూపించారు. మగపిల్లులలో ఇది మరీ ఎక్కువ.

సూక్ష్మజీవులు యూరియాను విరగ్గొట్టేది యూరియేజ్ అనే ఎంజైముతో. దీని వెనక ఒక మంచి కథ ఉన్నది. అమెరికాలో జేమ్స్ సమ్నర్ అనే ఆయన పదిహేడో ఏట వేటకు పోయి, తుపాకి దెబ్బ తగిలి ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. పాపం, ఆయనది ఎడమచేతి వాటమే! ఒంటిచేతివాడికి రసాయనశాస్త్రం ఎందుకని ఆచార్యుడొకడు అన్నాడు కూడా. సమ్నర్ వినలేదు. కుడిచేత్తో అన్నీ నేర్చుకుని, ఒక చిక్కుడు జాతి గింజల పిండినుంచి 1926లో యూరియేజును స్ఫటికాలుగా తీశాడు. ఎంజైములు ప్రొటీనులేనన్నాడు. చాలామంది నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమానం పొందినవారిలో ఆయన ఒకడు.

సరే, మరి ముసురు రోజునే వాసన ఎందుకు ఎక్కువవుతుంది? ఉతికిన తువ్వాలు అనంతపురంలో ఆరవేస్తే చూస్తూ ఉండగా ఆరిపోతుంది. అదే తువ్వాలు వానాకాలంలో రాజోలులో సాయంత్రానికైనా ఆరదు. ఒకపక్క సముద్రం, మరొకపక్క గోదావరి పాయలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి ఊరూరా కాలవలు, నీళ్ళు నిలిచిన వరిచేలు. గాలి నిండా చెమ్మే! ఎండిపోయిన పాత మరక ఆ చెమ్మను పీల్చుకుంటుంది. పడుకున్న సూక్ష్మజీవులు లేచి మళ్ళీ పని మొదలుపెడతాయి. అణిగి ఉన్న వాసనలు కూడా తడి తగిలి పైకి లేస్తాయి. అంటే, పిల్లి కొత్తగా ఏ పాడుపనీ చెయ్యలేదన్నమాట! సంచిలో వెయ్యవలసినది పిల్లిని కాదు, బస్తాల వెనక ఉన్న పాత గోనెపట్టాను.

ముందు మరక దొరకాలి. ఇది పెద్దవాళ్ళకంటె మీకే సులభం, మీ ముక్కులు నేలకు దగ్గర గదా! కొట్లలో దొంగనోట్లు పట్టటానికి వాడే అతినీలలోహిత దీపం ఉంటే, చీకట్లో వేసి చూడండి. మరక మసకగా మెరుస్తుంది. దీపంలోకి మాత్రం చూడకండి.

తడి ఆరని మరకను రుద్దకూడదు. పాతగుడ్డతో అద్ది, చల్లని నీళ్ళు పోసి మళ్ళీ అద్దాలి. పరుపుకూ, పట్టాకూ పాత మరక ఉంటే, వినిగరులో అంత నీరూ కలిపి తడపవచ్చు. అమ్మోనియా క్షారం, వినిగరు ఆమ్లం. రెండూ కలిస్తే వాసన లేని లవణం అవుతుంది. కాని గచ్చుమీదా, నాపరాతిమీదా, పాలరాతిమీదా పులుపు పోయకండి. గుడ్డుపెంకుమీద నిమ్మరసం పోసి చూడండి, బుసబుస బుడగలు వస్తాయి. మీ నేల కూడా అలాగే కరుగుతుంది! అక్కడ సబ్బునీళ్ళు చాలు. గంధకపు వాసన మొండిది. దానికి పట్టణాలలో ఎంజైము ద్రవం సీసాలలో అమ్ముతున్నారు. పోసి వెంటనే తుడిచేస్తే అది పని చెయ్యదు, కొన్ని గంటలు తడిగా ఉంచాలి. వాసన పుట్టించేదీ ఎంజైమే, పోగొట్టేదీ ఎంజైమే, తమాషాగా లేదూ?

ఈ తరవాతి మాట మీ అమ్మగారికీ నాన్నగారికీ కూడా చదివి వినిపించండి. వరదలు తీసిన తరవాత ఊళ్ళో బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. ఇంట్లో మిగిలింది గదా అని పిల్లి మరకమీద చల్లకండి. అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్ అనే విషవాయువులు వస్తాయి. వినిగరుతోగాని నిమ్మరసంతోగాని కలిస్తే క్లోరిన్ వస్తుంది. తలుపులు మూసిన గదిలో మనిషికి ఊపిరి ఆడదు. పొరపాటున కలిస్తే వెంటనే అందరూ బయటికి రావాలి. నల్ల ఫినాయిలూ పిల్లికి విషమే. తడినేలమీద నడిచి కాళ్ళు నాకుతుంది; ఆ విషాన్ని విరిచే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ.

ఎప్పుడూ పద్ధతిగా ఉండే పిల్లి ఉన్నట్టుండి ఇల్లంతా పాడుచేస్తుంటే కొట్టకండి, దానికి జబ్బు కావచ్చు. మగపిల్లి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పొయ్యలేకపోతుంటే, ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. మర్నాటికి ఆగితే ప్రాణం పోవచ్చు.

రోజూ దానికి కావలసినది ఒక పళ్ళెంలో పొడి ఇసుక. పెద్దవాళ్ళెవరైనా రోజుకొకసారి ఎత్తిపోసి, వారానికొకసారి పళ్ళెం కడిగి ఎండబెట్టాలి. ముసురు మొదలు కాకముందే ఒక బస్తా ఇసుక అరుగుమీద వాన తగలని చోట దాచుకోండి. ఇసుక తడిసిపోయిందంటే, పిల్లి మళ్ళీ బియ్యం బస్తాల వెనక్కే పోతుంది.