నిమిషానికి 20 మీటర్లు: బ్రోచర్ లెక్కకూ షెడ్డు లెక్కకూ మధ్య దూరం

రోల్ ఫార్మింగ్ మెషిన్ అమ్మే ఏ బ్రోచర్ తెరిచినా ముందు కనిపించేది వేగమే. నిమిషానికి 20 మీటర్లు, 30 మీటర్లు, ఇంకా పైన. రేకులో, పర్లిన్లో తయారుచేసే చిన్న పరిశ్రమ పెట్టాలనుకునే వ్యక్తి ఆ అంకెను ఎనిమిది గంటలతో, నెలకు 25 రోజులతో హెచ్చవేస్తాడు. వచ్చినదాన్ని టన్నుల్లోకి మార్చి బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో రాస్తాడు. అప్పు ఆ లెక్క మీద వస్తుంది. వాయిదా కూడా ఆ లెక్క మీదే కట్టాలి. లైను మాత్రం ఆ లెక్క ప్రకారం నడవదు.

ఈ లైన్ల మీద ఆసక్తి పెరగడానికి కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. ఊరి చివర గోదాములు లేస్తున్నాయి. కోటి ఇళ్లపై సౌర పలకలు పెట్టే లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకానికి రూ.75,021 కోట్లు కేటాయించారు. సౌర పలక గురించి అందరూ మాట్లాడతారు కానీ దాన్ని గాలికి ఎగిరిపోకుండా పట్టుకునేది కింద ఉన్న ఉక్కు చట్రం. ఆ చట్రంలోని సీ ఆకారపు, టోపీ ఆకారపు ముక్కల్లో ఎక్కువ భాగం రోల్ ఫార్మింగ్ లైను మీద పుట్టేవే.

ఈ ప్రక్రియలో ఉక్కును వేడి చేసే పని లేదు. చుట్టగా వచ్చిన షీటును విప్పి, వంకర తీసి, వరుసగా నిలబెట్టిన రోలర్ల జతల మధ్యకు పంపుతారు. ఒక్కో జత కొద్దికొద్దిగా వంచుతుంది. చివరి జత దాటేసరికి కావాల్సిన ఆకారం వస్తుంది. ఆ తర్వాత కోత, పేర్చడం. వేగాన్ని ప్రకటించేది రోలర్ల మోటారు. రోజు ముగిసేసరికి ఎంత సరుకు బయటికి వెళ్తుందో తేల్చేది మాత్రం దానికి ముందూ వెనకా ఉన్న పనులు.

ఒక లెక్క

అర మిల్లీమీటరు మందం, 1,220 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న షీటు మీటరుకు సుమారు 4.8 కిలోలు తూగుతుంది. అంటే 5 టన్నుల కాయిల్‌లో దాదాపు 1,040 మీటర్లు ఉంటాయి. నిమిషానికి 20 మీటర్ల చొప్పున అది 52 నిమిషాల్లో అయిపోవాలి. కానీ చవక లైన్లలో కోతకు షీటు ఆగాలి. 3 మీటర్ల రేకు 9 సెకన్లలో వస్తే, ఆగి, కోసి, మళ్లీ కదలడానికి 4 సెకన్లు పట్టిందనుకుందాం. 52 నిమిషాల పని 75 నిమిషాలవుతుంది. ఆపైన క్రేన్‌తో కొత్త కాయిల్ ఎక్కించి, కొస పట్టి రోలర్లలోకి దూర్చడానికి 20 నిమిషాలు. మొత్తం 95.

ఇప్పుడు యజమాని ముందు రెండు దారులు. రెట్టింపు వేగం ఉన్న మెషిన్ కొనడం మొదటిది. నిమిషానికి 40 మీటర్లతో నడిచినా కోతకు ఆగే 4 సెకన్లు, కాయిల్ మార్చే 20 నిమిషాలు అలాగే ఉంటాయి కనుక కాయిల్‌కు 69 నిమిషాలు పడుతుంది. రెండోది, వేగాన్ని 20 దగ్గరే ఉంచి, షీటుతో పాటు కదులుతూ కోసే కట్టర్ పెట్టుకోవడం, ఒక కాయిల్ నడుస్తుండగానే రెండోదాన్ని సిద్ధంగా ఉంచే జంట అన్‌కాయిలర్ తెచ్చుకోవడం. కాయిల్ మార్పు 5 నిమిషాలకు దిగితే మొత్తం 57 నిమిషాలు. మోటారు వేగం ఒక్క మీటరు పెరగకుండానే రెట్టింపు వేగపు మెషిన్‌ను ఇది దాటేస్తుంది. సెకన్లు, నిమిషాలు షెడ్డును బట్టి మారవచ్చు. లెక్క తీరు మారదు.

అయితే ఇక్కడ ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఆ వేగంతో షిఫ్టుకు ఎనిమిది కాయిళ్లు, అంటే 40 టన్నుల రేకు బయటికి వస్తుంది. ప్రతి 9 సెకన్లకు 14 కిలోల పైచిలుకు రేకు. ఆటోమేటిక్ స్టాకర్ లేకపోతే దాన్నంతా చెరో వైపు పట్టుకుని ఎత్తి పేర్చేది ఇద్దరు మనుషులు. మధ్యాహ్నం భోజనం తర్వాత లైను ఎందుకు నెమ్మదిస్తుందో మోటారును అడిగి లాభం లేదు. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు కొటేషన్‌లో మొదట కొట్టేసేది మాత్రం ఆ స్టాకర్‌నే.

విశాఖ ఉక్కు ఉన్నా కాయిల్ దూరమే

తెలుగు రాష్ట్రాల్లో లైను పెట్టేవారికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. విశాఖ స్టీల్ ప్లాంటు తయారుచేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్ వంటి పొడవు ఉత్పత్తులు. రోల్ ఫార్మింగ్‌కు కావాల్సిన షీటు కాయిల్ అక్కడ రాదు. బస్తర్‌లోని నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో హాట్ రోల్డ్ కాయిల్ ఉత్పత్తి మొదలుపెట్టింది. కానీ అది పూత లేని కాయిల్. పైకప్పు రేకుకు, సౌర చట్రానికి కావాల్సింది జింకు పూతదో, రంగు పూతదో. దానికి బళ్లారి దగ్గరి తోరణగల్లు వైపో, అంతకన్నా దూరమో చూడాలి. అందుకే పటాన్‌చెరులోనో కర్నూలులోనో షెడ్డు కట్టేవారు ముందు తేల్చుకోవాల్సింది మెషిన్ పొడవును కాదు. ఎన్ని రోజుల కాయిల్ నిల్వ పెట్టాలి, ఆ బరువుకు నేల ఆగుతుందా, క్రేన్ ఎన్ని టన్నులది, లారీ నేరుగా క్రేన్ కిందకు వస్తుందా అన్నవే అసలు ప్రశ్నలు.

ధర ఇంకో వైపు నుంచి తాకుతోంది. కొన్ని రకాల ఫ్లాట్ స్టీల్ దిగుమతులపై కేంద్రం 2025 ఏప్రిల్ 21న 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. ఆ ఏడాది చివర్లో దాన్ని మూడేళ్లకు ఖరారు చేసి, 12, 11.5, 11 శాతాలుగా తగ్గేలా నిర్ణయించింది. పెద్ద ఉక్కు కంపెనీలకు అది ఊరట. కాయిల్ కొని రేకు అమ్మే చిన్న యూనిట్‌కు అది ముడిసరుకు భారం. దాని మొత్తం ఖర్చులో సింహభాగం ఉక్కుదే. ఈ లాబీయింగ్‌లో దాని గొంతు ఎప్పుడూ పలచనే.

అలాంటప్పుడు మిగిలేది వృథాను అరికట్టడం. 200 మిల్లీమీటర్ల లోతు సీ పర్లిన్‌కు సుమారు 345 మిల్లీమీటర్ల పట్టీ కావాలనుకుందాం. 1,250 మిల్లీమీటర్ల కాయిల్‌ను నిలువునా చీల్చితే మూడు పట్టీలు వస్తాయి. 215 మిల్లీమీటర్లు, అంటే 17 శాతం మిగులుతుంది. ఆ మిగులుతో చేయగల చిన్న సెక్షన్‌కు ఆర్డరు పట్టుకున్న యజమాని నిలబడతాడు. లేనివాడు దాన్ని స్క్రాప్ ధరకు అమ్ముకుంటాడు. కాబట్టి ఏ సెక్షన్లు చేయాలన్న నిర్ణయం మెషిన్ ఆర్డరుకు ముందే జరగాలి. రోలర్ల సెట్లు, ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మారే సమయం దాని మీదే ఆధారపడతాయి. రోజుకో సైజు మార్చాల్సి వచ్చే యూనిట్‌లో రోలర్లు విప్పి బిగించడానికే ఒక పూట పోతే, బ్రోచర్‌లోని వేగం గోడమీద క్యాలెండర్‌తో సమానం.

బిగించే మనిషి, నడిపే మనిషి

ఈ మెషిన్లకు చైనా పెద్ద ఆధారం. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా సాంకేతిక నిపుణుల వీసాలు కష్టమయ్యాయి. మెషిన్ వచ్చి బిగించే మనిషి రాకపోవడం ఎన్నో పరిశ్రమలకు అనుభవమైంది. 2024 నుంచి నిబంధనలు మెల్లగా సడలాయి. అయినా రోలర్ల మధ్య సందును షీటు మందానికి సరిచేయడం, మెలిక తిరిగిన సెక్షన్‌ను దారికి తేవడం పుస్తకం చూసి వచ్చే పని కాదు. మెషిన్‌తో పాటు ఆ పని తెలిసిన ఫిట్టర్‌ను కూడా లెక్కలో వేయాలి.

ప్రభుత్వ పథకాలు మాత్రం మెషిన్‌నే చూస్తాయి. 2025 జనవరిలో ప్రకటించిన ఎంఎస్ఎంఈల పరస్పర రుణ హామీ పథకం రూ.100 కోట్ల వరకు రుణానికి 60 శాతం హామీ ఇస్తుంది. ప్రకటించినప్పటి షరతు ఏమిటంటే ప్రాజెక్టు ఖర్చులో కనీసం 75 శాతం యంత్రాలకు, పరికరాలకు ఉండాలి. క్రేన్, స్టాకర్ కూడా పరికరాలే కనుక ఈ వాటాలోకి వాటిని తెచ్చుకునే వీలుంది. గట్టి నేల, సిబ్బంది శిక్షణ మాత్రం మిగిలిన వాటాలోనే సర్దుకోవాలి.

ఇక వేళ్ల సంగతి. గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్ ప్రాంతాల్లో ఆటో విడిభాగాల పరిశ్రమల్లో చేతులు, వేళ్లు పోగొట్టుకున్న కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలు వెలువరిస్తోంది. అక్కడ ప్రధాన ముద్దాయి పవర్ ప్రెస్. రోల్ ఫార్మింగ్‌లో ప్రమాదం ఇంకో చోట పొంచి ఉంటుంది. కొత్త కాయిల్ కొసను రోలర్లకు అందించేటప్పుడు, తిరుగుతున్న రోలర్‌ను గుడ్డతో తుడిచేటప్పుడు. రెండు రోలర్లు లోపలికి లాక్కునే సందులో గుడ్డ చిక్కితే చెయ్యి వెనక్కి రాదు. పైన చెప్పిన లెక్కలో 20 నిమిషాలను ఐదుకు దించే ఒత్తిడి సరిగ్గా ఈ చోటే పడుతుంది. జంట అన్‌కాయిలర్‌తో దించితే అది సామర్థ్యం. మెషిన్ ఆపకుండా కొస దూర్చమని ఆపరేటర్‌కు చెప్పి దించితే అది వేరే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ విద్యుత్తుతో నడిచే ‘ఫ్యాక్టరీ’ నిర్వచనానికి కార్మికుల సంఖ్యను పది నుంచి ఇరవైకి పెంచింది. పది మంది దాటిన సంస్థలకు కోడ్ వర్తించినా, పదిహేను మందితో నడిచే ఒకే లైను షెడ్డు ఇక ‘ఫ్యాక్టరీ’ కాదు. మరోవైపు భారీ పరిశ్రమల శాఖ 2024 ఆగస్టులో యంత్రాల భద్రతపై ఉత్తర్వు జారీ చేసింది. లోహాన్ని వంచే యంత్ర పరికరాలు సహా అనేక యంత్రాలకు బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. 2025 ఆగస్టు 28 నుంచి అమలు కావాల్సిన ఆ ఉత్తర్వును పరిశ్రమ వర్గాల అభ్యంతరాల మధ్య 2026 సెప్టెంబర్ 1కి జరిపారు. గడువులోగా దిగుమతి చేసుకోవాలన్న తొందర అప్పట్లో కొందరు కొనుగోలుదారుల్లో ఉండి ఉంటే ఆశ్చర్యం లేదు. గార్డు లేని చవక లైను ఒకసారి షెడ్డులోకి వచ్చిందంటే పదిహేను, ఇరవై ఏళ్లు అక్కడే తిరుగుతుంది. ఆ ఉత్తర్వు పట్టించుకున్నది కొత్తగా తయారయ్యే, దిగుమతయ్యే, అమ్ముడయ్యే యంత్రాలనే.