ఔటర్‌పై రయ్‌మని వస్తారు.. దిగగానే ఎందుకు ఆగిపోతారు?

శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలికి వస్తున్నారనుకోండి. దారిలో సిగ్నల్ ఉండదు, ఎదురొచ్చే బండి ఉండదు. కానీ ఆఫీసు వేళ అయితే నానక్‌రామ్‌గూడ దగ్గర దిగేసరికి ముందున్న కార్ల వెనక ఎర్ర లైట్లు వరుసగా కనిపిస్తాయి. కూతవేటు దూరంలో ఉన్న ఆఫీసుకు చేరడమే అసలు ప్రయాణం అనిపిస్తుంది.

‘రోడ్డు చాలట్లేదు, ఇంకో ఫ్లైఓవర్ కట్టాలి’ అని వెంటనే అనేస్తాం. గచ్చిబౌలిలో ఆ పనీ జరిగింది. జంక్షన్ మీద పాత ఫ్లైఓవర్ ఉండగానే 2022 నవంబరులో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ తొలి దశ వచ్చింది. ఔటర్ నుంచి కొండాపూర్ వైపు వెళ్లే రెండో దశ 2025 జూన్‌లో మొదలైంది. జంక్షన్‌ను దాటిపోయేవారికి వీటితో సిగ్నల్ బాధ తప్పింది. మరి అక్కడే దిగాల్సినవారి సంగతేంటి?

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది ఏ ఒక్క కూడలి కొలతా కాదు, సూత్రం అర్థం కావడానికి మాత్రమే.

ఆగకుండా సాగే ఒక లేన్‌లో రెండు సెకన్లకు ఒక కారు వెళ్తుందనుకుంటే గంటకు 1,800 కార్లు. రెండు లేన్ల ర్యాంప్ మీద 3,600. ర్యాంప్ కింద సిగ్నల్ ఉండి, మీ వైపు పచ్చ లైటు మూడో వంతు సమయమే వెలిగితే గంటకు దాటేది 1,200 కార్లే.

రద్దీ వేళ ఆ ర్యాంప్ మీదికి గంటకు 1,600 కార్లు వస్తే? అరగంటలో 200 కార్లు మిగిలిపోతాయి. రెండు వరుసల్లో నిలబెడితే ఒక్కో వరుసలో వంద. కారుకు 7 మీటర్ల చొప్పున క్యూ పొడవు 700 మీటర్లు.

ఇప్పుడు ర్యాంప్‌ను నాలుగు లేన్లు చేశారనుకోండి. క్యూ పొట్టిదవుతుంది గానీ మీరు ఆగే సమయం తగ్గదు. కింద సిగ్నల్ దాటేది అదే 1,200 కార్లు. సీసా ఎంత పెద్దదైనా మూతి సన్నగా ఉంటే నీళ్లు అంతే వేగంగా వస్తాయి కదా!

సిగ్నల్ ఒక్కటే కారణమా?

కాదు. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. అవి సర్వీస్ రోడ్డులో వస్తాయి. ర్యాంప్ దిగిన కార్లూ, ఈ బండ్లూ కలిసేది ఒకేచోట. కారు ఎడమకు పోవాలి, బైకు కుడికి పోవాలి. కొద్ది మీటర్లలోనే ఒకరి దారిని ఒకరు కోసుకుంటూ పోవాలి. అక్కడే ఒక క్యాబ్ ప్యాసింజర్ కోసం ఆగినా, బస్సు బే లేక రోడ్డు మీదే నిలిచినా ఒక లేన్ పోయినట్టే.

ఇది ప్రాణాల సమస్య కూడా

క్యూ ర్యాంప్‌ను దాటి ప్రధాన రోడ్డు మీదికి పాకితే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఔటర్‌లో కుడివైపు లేన్లలో గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు, అంటే సెకనుకు 33 మీటర్లు. వెనక వచ్చే డ్రైవర్ రెండు సెకన్లు ఆలస్యంగా గమనించినా కారు 66 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. క్యూలో ఆగడం ఇష్టం లేక చివరి దాకా కుడి లేన్‌లో వచ్చి ఒక్కసారిగా ఎడమకు తిప్పేవారితో ముప్పు ఇంకా ఎక్కువ.

ఏం చేస్తే మేలు?

క్యూ పొడవును బట్టి పచ్చ లైటు సమయం మారేలా సిగ్నళ్లు ఉండాలి. బస్సులు, క్యాబ్‌లు ఆగే చోటు, యూటర్న్‌లు ర్యాంప్ ముగిసే దగ్గరి నుంచి దూరంగా జరగాలి. భారీ వర్షాలప్పుడు ఐటీ ఉద్యోగులను విడతలవారీగా ఇంటికి పంపాలని పోలీసులు కోరుతుంటారు. ఆ పద్ధతి మామూలు రోజుల్లోనూ పాటిస్తే, పై లెక్కలోని 1,600 తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం బస్సు, మెట్రో. నాగోలు నుంచి వచ్చే మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆఫీసు గేటు దాకా నమ్మకంగా బస్సు దొరికితేనే కారు ఇంట్లో వదిలేస్తారు. 50 మంది ఎక్కిన ఒక్క బస్సు, ఒక్కొక్కరే కూర్చున్న 50 కార్లను క్యూలోంచి తప్పిస్తుంది.

మీ వంతుగా..

దిగాల్సిన చోటుకు చాలా ముందే ఎడమ లేన్‌లోకి రండి. ముందు క్యూ కనిపిస్తే ఒక్కసారిగా కాకుండా క్రమంగా వేగం తగ్గించండి. కూడలి అవతల ఖాళీ లేకపోతే పచ్చ లైటు ఉన్నా ముందుకు పోవద్దు. మీరు మధ్యలో ఆగితే నాలుగు వైపులా ఆగిపోతుంది. ఆ ఆగినవాటిలో అంబులెన్సూ ఉండొచ్చు.

ఇకపై మీ ప్రాంతంలో కొత్త ఫ్లైఓవర్ ప్రకటిస్తే ఎన్ని లేన్లు, ఎన్ని కోట్లు అనే వివరాల దగ్గర ఆగకండి. ‘అది దిగేచోట ఏముంది? గంటకు ఎన్ని బండ్లు దాటగలవు?’ అని అడగండి. దానికి జవాబు లేకపోతే ఆ డబ్బుతో ట్రాఫిక్ జామ్ తగ్గదు, పక్క కూడలికి మారుతుంది.