రిస్పా కాపలా

దావీదు పాలనలో మూడేళ్లపాటు వరుసగా కరువొచ్చింది. లోగడ సౌలు రాజు గిబియోనీయులను చంపించిన పాపమే దానికి కారణమని దేవుడు దావీదుకు తెలియజేశాడు. పరిహారంగా ఏం చేయమంటారని దావీదు అడిగితే, సౌలు సంతతిలో ఏడుగురిని తమకు అప్పగించమన్నారు వాళ్లు. అలా గిబియా కొండమీద ఒకేసారి ఉరితీయబడిన ఆ ఏడుగురిలో అర్మోని, మెఫీబోషెతు అనే ఇద్దరు రిస్పా కన్న కొడుకులు (2 సమూ 21:1-14).

రిస్పా సౌలుకు ఉపపత్ని. భర్త పోయాడు, రాజ్యం చేతులు మారింది, ఇప్పుడు కొడుకులూ పోయారు. వేలాడదీసిన శవాన్ని ఆ రోజే పాతిపెట్టాలని ధర్మశాస్త్రం చెబుతోంది (ద్వితీ 21:22,23). ఇక్కడ అదీ జరగలేదు. రాజాజ్ఞను ఆపగలిగే శక్తి ఆమెకు లేదు. ఉన్నదల్లా ఒక గోనెపట్ట. దాన్ని బండమీద పరచుకొని కూర్చుంది. పగలు పక్షులను, రాత్రి అడవిమృగాలను తోలుతూ ఆ దేహాలకు కాపలా కాసింది. యవలకోత మొదలైన నాటినుండి ఆకాశంనుండి వాన కురిసేదాకా కాసింది. తన ఇద్దరినే కాదు, పక్కనున్న పరాయి తల్లి బిడ్డలను కూడా కాసింది. బైబిలులో రిస్పా పలికిన మాట ఒక్కటీ లేదు. ఆమె చేసిన పని మాత్రం రాజు చెవిదాకా వెళ్లింది.

అది విని దావీదు కదిలాడు. యాబేష్గిలాదునుండి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు. ఉరితీయబడినవారి ఎముకలనూ సమకూర్చి, సౌలును అతని తండ్రియైన కీషు సమాధిలోనే గౌరవంగా పాతిపెట్టించాడు. ఆ తర్వాతే దేశంకోసం చేసిన విన్నపాన్ని దేవుడు ఆలకించాడని గ్రంథం చెబుతోంది. ఏడుగురిని ఉరితీసినప్పుడు ఆ మాట రాయబడలేదు. చనిపోయినవారికి దక్కాల్సిన గౌరవం దక్కాక రాయబడింది.

పిల్లల్ని కాపాడుకోవడం మనకూ తెలుసు. మంచి బడి, మంచి మార్కులు, మంచి సంబంధం, వీలైతే విదేశాల్లో ఉద్యోగం... వీటికోసం అప్పులు చేస్తాం, ఉపవాసాలుండి ప్రార్థిస్తాం. బిడ్డ మనకు పేరు తెస్తున్నంతకాలం ఆ ప్రేమకు పరీక్ష లేదు. పరీక్షలో తప్పినప్పుడు, తాగుడుకు బానిసైనప్పుడు, కాపురం విడిపోయి కూతురు ఇల్లు చేరినప్పుడు, కేసులో ఇరుక్కుని కొడుకు జైలుకెళ్లినప్పుడు మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? ‘నలుగురిలో తలెత్తుకునేదెలా?’ అనే కదా! రిస్పా కొడుకులది ఊరంతా చూసిన అవమానం. ఆమె తలుపు వేసుకుని ఇంట్లో ఏడవలేదు. ఆ అవమానం పక్కనే అందరూ చూస్తుండగా కూర్చుంది. బిడ్డ తప్పును వెనకేసుకురావడం వేరు, తప్పు చేసిన బిడ్డను వదిలేయకపోవడం వేరు. తప్పిపోయిన కుమారుడి తండ్రి చేసింది ఈ రెండోదే (లూకా 15:20).

ఇందులో చర్చికీ ఒక హెచ్చరిక ఉంది. పరువు పోయిందన్న బాధతో ఆరాధనకు రావడం మానేసిన కుటుంబాలు దాదాపు ప్రతి సంఘంలో ఉంటాయి. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్లమీద మనం వాళ్ల గురించి చెప్పుకునే గుసగుసలు ఆ పక్షుల ముక్కులకంటే తక్కువ పదునైనవేమీ కావు. మనం పొడిచేవాళ్లమా? తోలేవాళ్లమా?

రిస్పా ప్రేమ ఎంత గొప్పదైనా దానికో హద్దుంది. పక్షులను తోలగలిగింది కాని ప్రాణం తేలేకపోయింది. మన ప్రేమా అంతే. పిల్లల వెంట ఎంతవరకు వెళ్లగలం? ఆ హద్దు దగ్గరే మన విశ్వాసం నిలబడాలి. మరో కొండమీద మరో తల్లి కళ్లెదుట ఒక కుమారుడు సిలువపై వేలాడాడు. ఆ కుమారుని దేహాన్ని తండ్రియైన దేవుడు కుళ్లనివ్వలేదు, మూడవ దినాన సజీవునిగా లేపాడు (అపొ.కా. 2:31,32). మన చేతికందని చోట కూడా మన బిడ్డలు ఆయన చేతికి అందుతారన్న ధైర్యం మనకు అక్కడినుండే వస్తుంది.

ఈ వారం అలాంటి ఇల్లొకటి వెతికి వెళ్దాం. ఆ తల్లిదండ్రుల పక్కన కాసేపు కూర్చుందాం. ఏం మాట్లాడాలో తెలియదని వెనుకాడవద్దు. రిస్పా కూడా ఏమీ మాట్లాడలేదు.